కోపం చీటీల డబ్బా

సంచీ అడుగున దుప్పటి పరిచింది లిదియమ్మ. దాని మీద నాలుగు చీరలు, ఒక తువ్వాలు సర్దింది. మామిడికాయ ఊరగాయను రెండు ప్లాస్టిక్ కవర్లలో పోసి, మూతి దారంతో బిగించి, నూనె కారకుండా పాత గుడ్డలో చుట్టి చీరల మధ్యన దోపింది. చిన్న బైబిలు పక్క జేబులో పెట్టింది. జిప్పు సగం దాకా వచ్చి మొరాయించింది. మోకాలితో సంచీని అణిచి మళ్ళీ లాగింది.

కోడలు సుగుణ గోడకు ఆనుకొని చూస్తూ ఉంది. కువైట్‌లో ఎవరింట్లోనో పనిమనిషిగా రెండేళ్ళ ఒప్పందం. మద్రాసు దాకా ఏజెంటు మనిషి తోడొస్తాడు. బస్సు పదకొండింటికి.

"అత్తా, బిడ్డకు ఒక్క మాట చెప్పి పోతానత్తా."

"చెప్పేదేం లేదు. గమ్మున బస్సెక్కు. దానికి నేను చెప్పుకుంటాలే."

"నాకోసం చూస్తాది."

"చూస్తాది, రెండు దినాలు ఏడస్తాది, మరిచిపోతాది. నీ కాళ్ళు పట్టుకోని అది ఏడిస్తే నువ్వు పోగలవా? ఎడ్విన్ పొయ్యేటప్పుడు ఏమయిందో నువ్వు చూళ్ళేదా?"

ఎడ్విన్ పేరు వచ్చాక సుగుణ సంచీ అందుకుంది. లిదియమ్మకు ఎడ్విన్ ఒక్కడే కొడుకు. లారీ డ్రైవరు. రెండేళ్ళ కిందట లోడు వేసుకొని బయలుదేరుతుంటే కూతురు కరుణశ్రీ లుంగీ అంచు పట్టుకొని ఒకటే ఏడుపు. వాడు రెండుసార్లు లారీ దిగి వచ్చి బిడ్డను ఎత్తుకున్నాడు. ఆ దినమే గూడూరు దగ్గర ఇంకో లారీ వచ్చి గుద్దింది. బిడ్డ ఏడవకపోయి ఉంటే ఓ పది నిమిషాలు ముందే పోయేవాడు, ఆ లారీ ఎదురయ్యేదే కాదు అని లిదియమ్మ లెక్క. ఆ లెక్క ఆమె ఎవరికీ చెప్పలేదు. పొయ్యే మనిషికి బిడ్డ ఏడుపు ఎదురు రాకూడదని మాత్రం గట్టిగా అనుకుంది.

అందుకే ఆ ఉదయం ఏడేళ్ళ కరుణను పక్కింటి చెంచమ్మతో బజారుకు పంపింది. "కొత్త చెప్పులు కొనిపిస్తాదంట పో," అంటే బిడ్డ ఎగురుకుంటూ పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆ ఎర్ర చెప్పులు కాళ్ళకు తొడుక్కోలేదు. అమ్మకు చూపించేదాకా మట్టి అంటకూడదని చేతిలో పట్టుకొని వచ్చింది.

"అమ్మ యాడవ్వా?"

"ఆత్మకూరు పోయింది. రేపొస్తాది."

మర్నాడు కూడా అదే మాట. మూడోనాడూ అదే. నాలుగోనాడు కరుణ ఆ చెప్పులను మంచం కిందికి తోసేసింది. ఆ తర్వాత చాన్నాళ్ళు తీయలేదు. అది 1993 జూన్ నెల.

కరవడం కూడా ఆ నెలలోనే మొదలైంది. ముందు చెంచమ్మ చెయ్యి, తర్వాత బడిలో ఎవరు ఏమన్నా వాళ్ళ చెయ్యి. పంటి గాట్లు చూపించడానికి తల్లులు బిడ్డలను వెంటబెట్టుకొని వచ్చేవాళ్ళు. లిదియమ్మ కొట్టి చూసింది, బతిమాలింది, పాస్టరు చేత ప్రార్థన చేయించింది. ఏదీ పని చెయ్యలేదు. ఏడాది తిరిగేసరికి, "మీ అమ్మ ఇంక రాదులే," అన్నందుకు రమణయ్య కొడుకు ప్రసన్నకుమార్‌ను రక్తం వచ్చేలా కరిచింది.

రమణయ్య చర్చి సంఘంలో పెద్ద, బడి కమిటీలో మెంబరు. కొడుకు చెయ్యి పట్టుకొని వాకిట్లో నిలబడ్డాడు.

"ఇది బిడ్డనా, కుక్కపిల్లనా లిదియమ్మా? ఇంకొక్కసారి ఇట్టా జరిగిందంటే టీసీ ఇచ్చి పంపేస్తాం. ఆత్మకూరులో ఏదన్నా హాస్టలు చూసుకో."

ఆత్మకూరు అనే మాటంటేనే లిదియమ్మకు భయం. ఉదయగిరిలో ఆమెకు కావలసిన వాళ్ళంతా ఆ ఆత్మకూరు దారినే పోయారు. ఎడ్విన్ శవం కూడా ఆ దారినే వచ్చింది. మిగిలింది ఈ ఒక్క బిడ్డ. సుగుణ వచ్చేదాకా ఈ బిడ్డను పోగొట్టుకోకుండా చూసుకోవాలి. వేరే పని ఆమెకు లేదు.

సుకుమారి టీచరు 1994 జూలైలో వచ్చింది.

ఉదయగిరి కొండ కింద ఆ సంఘం వాళ్ళ చర్చి పాతది, గోడలు మందం. బడి రేకులు గాలివానకు లేచిపోయినప్పటి నుంచి అయిదు తరగతులూ చర్చిలోనే కూర్చుంటున్నాయి. తాళంచెవి లిదియమ్మ దగ్గర. ఊడ్చేదీ, గంట కొట్టేదీ ఆమే. చిన్నప్పుడు బడికి పోలేదు. పెళ్ళయ్యాక బైబిలు ముందేసుకొని, ఆదివారం చదివిన వాక్యాన్ని గుర్తుపెట్టుకొని, అక్షరం పక్కన అక్షరం పోల్చుకుంటూ తనకు తానే నేర్చుకుంది. అప్పటి నుంచి బజ్జీలు కట్టిచ్చిన కాగితమైనా సరే, చదవకుండా పారెయ్యదు.

కొత్త టీచరు ముప్ఫై ఏళ్ళ మనిషి. పెళ్ళి కాలేదు. సోమశిల డ్యాము నీళ్ళలో మునిగిపోయిన ఒక ఊరి మనిషి అని చెప్పుకున్నారు. మెల్లగా మాట్లాడుతుంది. మొదటి దినమే బెత్తం తీసి లిదియమ్మ చేతికిచ్చింది.

"ఇది పొయ్యిలోకి పనికొస్తాది, తీసకపోండమ్మా."

లిదియమ్మ తీసుకుంది గాని పొయ్యిలో పెట్టలేదు. బెత్తం ముట్టని టీచరును ఆమె అరవై రెండేళ్ళలో చూడలేదు. కొట్టకుండా బిడ్డల్ని ఎట్లా లొంగదీస్తుంది? ఇంకేదో ఉపాయం ఉండి ఉండాలి.

ఆ ఉపాయం ఏమిటో నెల తర్వాత తెలిసింది. శుక్రవారం చివరి గంట. లిదియమ్మ చీపురు పట్టుకొని తలుపు వెనక నిలబడింది.

"కోపం వచ్చినప్పుడు అది ఒంట్లో యాడుంటాది? చెయ్యి పెట్టి చూపించండి," అంది టీచరు.

ఒకరు కడుపు మీద పెట్టుకున్నారు, ఒకరు నెత్తి మీద. ప్రసన్నకుమార్ పిడికిళ్ళు బిగించి చూపించాడు. కరుణ పళ్ళ మీద వేలు పెట్టింది. బిడ్డలంతా పకపకా నవ్వారు. టీచరు నవ్వలేదు.

"పండ్లలోనా? సరే. అయితే పండ్లకు వేరే పని జెప్పాల. చెంబుడు నీళ్ళు తీసుకో. గుటక గుటకగా తాగు. నీళ్ళు అయిపొయ్యేదాకా ఎవురితో మాట్లాడొద్దు."

"టీచర్, కోపం వస్తే పాపం గదా? సండేస్కూల్లో చెప్పినారు," అన్నాడు ప్రసన్నకుమార్.

"వచ్చేదానికి మనమేం చేస్తాంరా? వచ్చినాక ఏం చేస్తామనేదే లెక్క. నీళ్ళు తాగినా తగ్గకపోతే చర్చి చుట్టూ ఒక చుట్టు తిరిగి రా. అప్పటికీ తగ్గకపోతే ఆ మనిషి ఎదట నిలబడి, 'నాకు నీ మీద కోపంగా ఉండాది' అని నోటితో చెప్పు. కొట్టేది లేదు, కరిచేది లేదు, తిట్టేది లేదు."

"మా నాయన మీద వస్తే? ఎదట నిలబడి చెప్తే చంపేస్తాడు."

"చెప్పలేకపోతే రాయి."

అని కిటికీ దగ్గరికి పోయి ఒక డబ్బా తీసుకొచ్చింది. ఎప్పుడో తుఫాను రోజుల్లో సాయంగా వచ్చిన పాలపొడి డబ్బాలు రెండు ఆ కిటికీలో ఉండేవి. ఒకదాని మీద తెల్లరంగు సిలువ. అది సంఘం వాళ్ళు ప్రార్థన మనవులు వేసే డబ్బా. రెండోదాంట్లో సుద్దముక్కలు ఉండేవి. వాటిని ఒంపేసి, ఆ డబ్బా బిడ్డల ముందు పెట్టింది టీచరు.

"ఎవరి మీద కోపమో, ఎందుకో చీటీ మీద రాసి దీంట్లో వెయ్యండి. మీ పేరు రాయొద్దు. ఎవురూ చదవరు. నేను గూడా చదవను. శనివారం మధ్యాన్నం మీ కండ్ల ఎదటనే కాలబెడతా. ఇది నేనిచ్చే మాట."

తలుపు వెనక లిదియమ్మ ఇదంతా వింది. ఇంటి సంగతులు రాయిస్తోంది. చదవనంటోంది. చదవని దానికి రాయించడం దేనికి?

ఆ సాయంత్రమే చెంచమ్మకు చెప్పింది.

"ఇంకేమనుకున్నావు?" అంది చెంచమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ. "ఆత్మకూరు అవతల యాడో బిడ్డల హోము పెట్టినారంట. అమ్మా నాయన లేనోళ్ళని చూసి, ఫోటోలు తీసి దొరలకు పంపతారంట. దొర ఊ అంటే బిడ్డ వాళ్ళదేనంట."

"కరుణకు అమ్మ ఉండాది గదమ్మే!"

"యాడుండాది? నీ కోడలు ఉత్తరం రాసి ఎన్నాళ్ళయింది?"

నాలుగు నెలలైంది. 

అక్టోబరులో ఆత్మకూరు నుంచి ఫోటోలు తీసే మనిషి వచ్చాడు. టీచరు చింతచెట్టు కింద ఒక్కొక్క బిడ్డను నిలబెట్టి, ఏదో ఒకటి చెప్పి నవ్వించి ఫోటో తీయించింది. ఎందుకని అడిగితే, "క్రిస్మసుకు చెప్తాలేమ్మా," అంది. మర్నాడు లిదియమ్మ బల్ల తుడుస్తుంటే టీచరు నోటుపుస్తకం తెరిచి ఉంది. కరుణశ్రీ పేరుకు ఎదురుగా, 'తండ్రి లేడు. తల్లి దగ్గర లేదు. అవ్వ' అని రాసి ఉంది. అవ్వ తర్వాత ఇంకేమీ లేదు. ఆ ఖాళీని చూస్తూ గుడ్డ పట్టుకొని నిలబడిపోయింది.

ఇంట్లో బిడ్డ కూడా మారింది. కరవడం మానేసింది. అది లిదియమ్మను ఇంకా భయపెట్టింది. ఒకనాడు తల దువ్వుతూ చిక్కు గట్టిగా లాగింది. మామూలుగా అయితే చెయ్యి కొరికేది. ఆ దినం లేచి కుండ దగ్గరికి పోయి, చెంబుతో నీళ్ళు ముంచుకొని, గుటక గుటకగా, అవ్వనే చూస్తూ తాగింది. తర్వాత వచ్చి ఎదురుగా నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు అంది.

"అవ్వా, నాకు నీ మీద కోపంగా ఉండాది."

"దువ్వెన లాగినందుకేనా?"

కరుణ అవ్వను అట్లాగే చూసింది. ఆ చూపులో దువ్వెన ఒక్కటే లేదని లిదియమ్మకు తెలిసిపోయింది. చెప్పుల సంగతి వీళ్ళిద్దరూ ఇంతవరకు ఎత్తలేదు. బిడ్డ దాన్ని చీటీ మీద రాసి ఉంటే? అవ్వ అబద్ధాలకోరు, ఈ బిడ్డ అక్కడ ఉండకూడదు అని టీచరు ఆ ఖాళీలో రాసుకుంటే?

నవంబరు ఇరవై ఆరు, శనివారం. టీచరుకు ఆత్మకూరులో మీటింగు. పదకొండింటి బస్సుకే పోవాలి. చీటీలు కాలబెట్టే పొద్దు కాలేదు. డబ్బా మూత బిగించి లిదియమ్మ చేతికిచ్చింది.

"సోమవారం పొద్దున్నే వచ్చి బిడ్డల ఎదట కాలబెడతా. అందాకా జాగర్తమ్మా. మిమ్మల్ని నమ్మి పోతా ఉండా."

బిడ్డలు ఇళ్ళకు పోయారు. లిదియమ్మ తలుపు లోపల గడియ పెట్టింది. ఊడ్చింది. బెంచీలు సర్దింది. కిటికీలో పెట్టిన డబ్బాను దాటుకొని రెండుసార్లు పోయింది. మూడోసారి ఆగి మూత తీసింది.

ఇరవైకి పైగా చీటీలున్నాయి. అన్నీ పెన్సిలు రాతలే. ఒడిలో పోసుకొని ఒక్కొక్కటే విప్పింది. ఒకరికి పలక పగలగొట్టిన తమ్ముడి మీద కోపం. ఒకరికి అన్నం తక్కువ పెట్టే పిన్నమ్మ మీద. ఒకరు కోడిపెట్ట మీద కోపమని రాశారు, అది రోజూ కాళ్ళు పొడుస్తుందట. లిదియమ్మకు నవ్వొచ్చింది, వెంటనే ఆ నవ్వుకే సిగ్గేసింది. ఆరో చీటీ విప్పబోతుంటే తలుపు దబదబా చప్పుడైంది.

"లిదియమ్మా! తలుపేసుకోని ఏం జేస్తా ఉండావు? తియ్యి!"

చర్చి పనులు చూసే డీకను వరప్రసాదం గొంతు.  లిదియమ్మ ఒడిలోని చీటీలు పిడికిళ్ళతో ఎత్తి కిటికీలో చేతికందిన డబ్బాలో కుక్కింది, మూత నొక్కింది, పోయి గడియ తీసింది.

వరప్రసాదం రిటైరైన పోస్టుమాను. ఆ సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. మనుషులు తమ కష్టాలు చీటీల మీద రాసి సిలువ డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆరాధనలో వరప్రసాదం వాటిని పైకి చదువుతాడు, ఒక్కో చీటీకి సంఘమంతా ఆమెన్ అంటుంది. దేవుడికి రాసిన ఉత్తరం మధ్యలో ఇప్పి చూసేది నేరం అని ఆయన ముందుగా ఒక్క చీటీ కూడా చూడడు. శనివారం ఆ డబ్బా తన ఇంటికి తీసుకుపోతాడు.

కిటికీ దగ్గరికి పోయి, సిలువ డబ్బా చంకలో పెట్టుకున్నాడు. "ఈ వారం బరువుగా ఉండాదే! జనానికి కష్టాలు ఎక్కువైనాయి," అని నవ్వుకుంటూ మెట్లు దిగాడు.

లిదియమ్మ రెండో డబ్బా మూత తీసి చూసింది. అడుగున సుద్దపొడి తప్ప ఏమీ లేదు.

పరిగెత్తి పిలవచ్చు. వరప్రసాదం ఇంకా గేటు కూడా దాటలేదు. కానీ ఏమని చెప్పాలి? తాళంచెవి నమ్మి ఇచ్చిన చోట దొంగలాగా డబ్బా తీసినానని చెప్పాలి. రేపు ఆయన ఒక చీటీ చూసి, బిడ్డల రాత అని పక్కన పెట్టేస్తాడులే అని తనకు తాను చెప్పుకుంది. 

ఆదివారం చర్చి నిండుగా ఉంది. వరప్రసాదం కళ్ళజోడు పెట్టుకొని నిలబడ్డాడు. మొదటి చీటీ, "మా గేదె సుఖంగా ఈనాలని." ఆమెన్. రెండోది, మోకాళ్ళ నొప్పులు. ఆమెన్. మూడోది విప్పి, అదే గొంతుతో, ఊరంతా వినబడేటట్టు చదివాడు.

"నాకు మా నాయన మీద కోపం. సారాయి ఆపేసినారని అందరూ అంటారు గాని మా నాయన సీతారామపురం నుంచి తెప్పించుకోని తాగతాడు. మా అమ్మను కొట్టినాడు. మా నాయన చర్చిలో పెద్ద."

అలవాటు కొద్దీ వెనక బెంచీ నుంచి ఎవరో ఆమెన్ అన్నారు.  సారాయి వద్దని ఆడవాళ్ళతో కలిసి రోడ్డెక్కిన వాళ్ళలో రమణయ్య ముందు నడిచాడు. ఆయన ముఖం నల్లబడింది. పక్కన ప్రసన్నకుమార్ పిడికిళ్ళు బిగించి నేల చూస్తున్నాడు.

వరప్రసాదం ఎప్పుడూ అంతే. అక్షరాలు ముందు నోటికి వస్తాయి, అర్థం తర్వాత చెవికి చేరుతుంది. అది చేరేలోగా ఇంకో చీటీ విప్పేశాడు.

"నాకు అవ్వ మీద కోపం. చెప్పులు కొనుక్కోమని పంపించి అమ్మను కువైటు పంపేసింది. రేపొస్తాదని రోజూ అబద్ధం చెప్పింది. నాకు చెప్పింటే ఏడవకుండా ఉండేదాన్ని. అమ్మకు టాటా చెప్పేదాన్ని."

ఇక ఆగాడు. మిగతా చీటీలు డబ్బాలో వేసి మూత పెట్టాడు. సంఘమంతా వెనక్కి తిరిగి, గంట తాడు పక్కన కూర్చున్న లిదియమ్మను చూసింది. ఆడవాళ్ళ బెంచీలో కరుణ ఎవరినీ చూడలేదు. రెండు చేతుల వేళ్ళూ నోట్లో కుక్కుకుంది.

సోమవారం తొలి బస్సుకు దిగిన టీచరుకు ఇదేమీ తెలియదు. చర్చి మెట్ల మీదే రమణయ్య ఎదురొచ్చాడు. వెనక పదిమంది.

"ఏందమ్మా నీ చదువు? బిడ్డల చేత ఇండ్ల గుట్టు రాయించి సంఘంలో చదివిస్తావా? ఎవురు పంపినారు నిన్ను?"

"చదివించడమేంది? నేను ఈ డబ్బాలో పెట్టి మూతేసి..." టీచరు సుద్ద డబ్బా తీసి చూసింది. ఖాళీ. మెల్లగా తల తిప్పింది. "లిదియమ్మగారూ, తాళంచెవి మీ కాడనే గదా ఉండింది?"

అందరూ లిదియమ్మను చూశారు. నిజం నాలిక చివరి దాకా వచ్చింది. బిడ్డ పేరు ఎదురుగా ఉన్న ఆ ఖాళీ కళ్ళ ముందు ఆడింది.

"నాకేం తెలీదు," అంది.



ఆ మధ్యాహ్నం కరుణ కరిచింది. ఈసారి కరిచింది టీచరు చేతిని. "ఎవురూ చదవరని చెప్పినావు! మాటిచ్చినావు!" అని అరిచి, చెయ్యి వదలకుండా కరిచింది. టీచరు చెయ్యి లాక్కోలేదు. బిడ్డ వదిలేదాకా అలాగే ఉంచింది. తలుపు దగ్గర నుంచి చూస్తున్న లిదియమ్మకు ఆ పళ్ళు తన చేతిలోనే దిగినట్టయింది.

కమిటీ కూర్చుంది. బిడ్డకు టీసీ ఇవ్వాలన్నాడు రమణయ్య. "బిడ్డ తప్పేం లేదు, మాట తప్పింది నేను. పోవాల్సింది నేనే," అంది టీచరు. శనివారం ఆమె పోవడం ఖాయమైంది.

శుక్రవారం పొద్దున లిదియమ్మ టీచరు అద్దెకున్న గదికి పోయింది. మంచం మీద రెక్సిన్ సంచీ నోరు తెరుచుకొని ఉంది. సగం సర్ది ఉంది. టీచరు చేతికి గుడ్డ కట్టు.

"డబ్బా తీసింది నేనేనమ్మా," అంది లిదియమ్మ, గడప దాటకుండానే. "బిడ్డ చీటీ వెతికినా. వరప్రసాదం వచ్చేసరికి బెదిరిపోయి ఆ డబ్బాలో కుక్కినా. నా బిడ్డను హోముకు రాసిస్తావని అనుకున్నా."

సుకుమారి ముఖం ఎర్రబడింది.  చెంబుతో నీళ్ళు ముంచుకొని, గుటక గుటకగా తాగింది. చెంబు ఖాళీ అయ్యాక బయటికి పోయి ఇంటి చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చింది. చాలక ఇంకో చుట్టు తిరిగింది. అప్పుడు వచ్చి లిదియమ్మ ఎదట నిలబడింది.

"నాకు మీ మీద చానా కోపంగా ఉండాది లిదియమ్మగారూ."

"కొట్టమ్మా. తిట్టు."

"కొట్టను. మా ఊరు మునిగినాక మా నాయన ఆ కోపంతో మమ్మల్ని కొడతానే ఉన్నాడు. ఊరు మునిగింది గాని ఆయన కోపం మునగలేదు. దానికే ఇది నేర్చుకున్నా." చెంబు తీసి కుండ మీద బోర్లించింది. "మీరు చెప్పాల్సింది నాకు గాదు. బిడ్డకు చెప్పండి."

"నువ్వుండు తల్లీ. ఆదివారం సంఘం ఎదట నిలబడి చెప్తా. నిన్ను ఉండమంటారు."

"వాళ్ళు ఉండమంటారేమో. చీటీ రాయమంటే ఏ బిడ్డన్నా మళ్ళీ రాస్తాదా?"



ఇంటికి వచ్చి కరుణను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. డబ్బా సంగతి చెప్పింది. చెప్పుల సంగతి చెప్పింది. లుంగీ అంచు సంగతి, పది నిమిషాల లెక్క కూడా చెప్పింది. బిడ్డ నాయన చావుకు బిడ్డ ఏడుపే కారణమని తాను అనుకున్నట్టు ఒప్పుకుంది. అది తప్పు లెక్కని బయటికి అన్నాక ఆమెకే తెలిసింది. ఆ మాట కూడా చెప్పింది.

కరుణ పెదవి కొరుక్కుంది. లేచి కుండ దగ్గరికి పోయింది. రెండు చెంబులు తాగింది.

"టీచరమ్మ పొయ్యేటప్పుడు నన్ను యాడికీ పంపించొద్దు," అంది.

"పంపించనమ్మే."

"ఏడుస్తా."

"ఏడువు."

శనివారం బస్టాండులో కరుణ టీచరు కొంగు పట్టుకొని బస్సు వచ్చేదాకా ఏడ్చింది. లిదియమ్మ లాగలేదు, బిడ్డ నోరు మూయలేదు. స్తంభాన్ని పట్టుకొని నిలబడింది. ఎక్కబోయే ముందు సుకుమారి సంచీ పక్క జేబులోంచి ఒక కవరు తీసి లిదియమ్మకిచ్చింది. లోపల ఇరవై మూడు ఫోటోలు ఉన్నాయి. ఏ బిడ్డ ఫోటో వెనక ఆ బిడ్డ పేరు, దాని కింద ఒకే మాట, 'కోపం లేనప్పుడు నీ ముఖం ఇది.'

"క్రిస్మసుకు ఇద్దామనుకున్నా. మీరు పంచండి," అంది. "క్రిస్మసుకు వీలైతే వస్తా."

కరుణ చెయ్యి ఊపింది. బస్సు మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉంది. టీచరు కూడా కిటికీలోంచి కట్టు కట్టిన చెయ్యి ఊపింది.

మర్నాడు లిదియమ్మ సంఘం ఎదట నిలబడి, డబ్బా తీసింది తానేనని సాక్ష్యం చెప్పింది. రమణయ్య తలెత్తలేదు. ఎవరూ ఆమెన్ అనలేదు. ఆ వారమే వరప్రసాదం తన చేత్తో ఉత్తరం రాసి, టీచరును తిరిగి రమ్మని ఆత్మకూరు అడ్రసుకు పోస్టు చేశాడు. ఆమె కలువాయి వైపు ఒక బడిలో చేరిందని జనవరిలో తెలిసింది. అంతకు ముందు క్రిస్మసు దినం, టీచరు వస్తుందేమోనని లిదియమ్మ పదకొండింటి బస్సు దాకా, ఆ తర్వాత సాయంత్రం బస్సు దాకా కూడా బస్టాండులో కూర్చుంది. కరుణ పక్కనే కూర్చుంది. ఆ ఎర్ర చెప్పులు వేళ్ళు బయటికొచ్చేంత పొట్టివైపోయినా ఆ దినం తొడుక్కుంది.

రెండేళ్ళ ఒప్పందం ఇంకో ఏడాది సాగి, సుగుణ 1996 మే నెలలో వచ్చింది. సుకుమారి టీచరు రాలేదు. 1994 డిసెంబరు మూడో తేదీ, శనివారం, పదకొండు గంటల ఆత్మకూరు బస్సు ఎక్కింది. ఆ తర్వాత ఉదయగిరిలో మళ్ళీ దిగలేదు.